చిమ్నీ మరమ్మతుకు భారీ అంచనా ఇచ్చారా? నమ్మాలో వద్దో తేల్చుకునే పద్ధతి

ఏడాదికోసారి చేయించే శుభ్రం కోసం పిలిచిన పనివాడు అరగంటలో పైకప్పు దిగివచ్చాడనుకుందాం. చిమ్నీ లోపలి గొట్టం పగిలిపోయిందనీ, దాన్ని మొత్తం మార్చకపోతే ఏదో ఒక రాత్రి ఇల్లు అంటుకుంటుందనీ చెప్పి, శుభ్రానికి అడిగిన సొమ్ముకు ఎన్నో రెట్లున్న అంచనా పత్రాన్ని చేతిలో పెట్టాడు. గోడ బీటలు వారితే మనకు కనిపిస్తుంది, కుళాయి కారితే వినిపిస్తుంది. కానీ ఫైర్‌ప్లేస్ మీదుగా లేచి పైకప్పు దాటి నిలబడే చిమ్నీ లోపలి భాగాన్ని ఇంటివాళ్లలో దాదాపు ఎవరూ చూసి ఉండరు. చూసినవాడు అతడొక్కడే, తప్పుందని చెప్పేవాడూ అతడే, దాన్ని బాగుచేసి డబ్బు తీసుకునేవాడూ అతడే. ఈ మూడు పాత్రలూ ఒకే మనిషిలో కలిసిపోవడమే అసలు చిక్కు.

ఇక్కడ చిమ్నీ అంటే వంటగదిలో పొయ్యి మీద బిగించే పొగ లాగే యంత్రం కాదు. కట్టెల ఫైర్‌ప్లేస్, స్టవ్, బాయిలర్ వంటి వాటి నుంచి వచ్చే పొగను, వాయువులను ఇంటి బయటకు పంపే ఇటుక లేదా లోహపు నిర్మాణం గురించే ఈ వ్యాసం.

వచ్చినవాడు మంచివాడా, మోసగాడా అని ముఖం చూసి తేల్చుకోవాలనుకుంటే ఫలితం తక్కువ. మర్యాదగా మాట్లాడేవాడు పొరబడవచ్చు, దురుసుగా మాట్లాడేవాడు చెప్పింది అక్షరాలా నిజం కావచ్చు. పైగా మూడో రకం మనిషి కూడా ఉంటాడు: అబద్ధం చెప్పడు, కానీ రేపు ఏదైనా జరిగితే నింద తన మీదికి వస్తుందన్న భయంతో ప్రతి సన్నని నెర్రెనూ ప్రమాదంగా రాస్తాడు. ఇతణ్ని మోసగాడనుకుంటే అన్యాయం, చెప్పిందంతా చేయిస్తే నష్టం. కాబట్టి మనిషిని వదిలి, అతడు చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాలి. ఆ పరీక్షకు సమయం కావాలి, ఆ సమయాన్ని సంపాదించుకోవడం మీ చేతిలోనే ఉంది.

మొదటి అడుగు: నిప్పు వెలిగించడం ఆపండి

ఈ రోజే సంతకం చేయకపోతే కుటుంబం ప్రాణాలకే ముప్పు అని ఒత్తిడి చేసేవారు ఒక సంగతిని చెప్పకుండా దాటవేస్తారు. పగిలిన లైనర్ (చిమ్నీ లోపలి గొట్టం), గోడలకు పేరుకున్న క్రియోసోట్ అనే పొగ మడ్డి, ఫైర్‌ప్లేస్‌కు పైన పొగ చేరే గూడులోని ఖాళీలు ఇవన్నీ ఆ గొట్టంలోకి వేడి, పొగ వెళ్లినప్పుడే ప్రమాదకరం. చల్లగా ఉన్న ఫైర్‌ప్లేస్ ఇంటిని తగలబెట్టదు. కట్టెలు వెలిగించడం మానేసిన క్షణం నుంచి ఆ మరమ్మతు రేపటికో, వచ్చే నెలకో, వచ్చే చలికాలానికో వాయిదా వేయగలిగే పని అవుతుంది. నిజాయతీ గల నిపుణుడు ఈ మాటను తానే ముందుగా చెబుతాడు: “తేలేదాకా వాడకండి, తొందరేమీ లేదు.”

దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. మొదటిది, అదే చిమ్నీలోకి బాయిలర్, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ లేదా గ్యాస్‌తో నీళ్లు కాచే హీటర్ పొగ కూడా వెళుతుంటే, ఫైర్‌ప్లేస్ ఆపినా ఆ పరికరాలు నడుస్తూనే ఉంటాయి. గొట్టం మూసుకుపోయినా, తెగిపోయినా రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరగలదు. రెండోది, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, తలతిరుగుడు వచ్చి బయటికి వెళ్లగానే తగ్గినా, ఆలోచించవలసింది ఏమీ లేదు. అందరూ బయటికి వచ్చి అత్యవసర సేవలను పిలవాలి. మూడోది, పైకప్పు మీది భాగం ఒరిగినా, ఇటుకలు ఊడి పడుతున్నా అది మంటతో సంబంధం లేని ముప్పు కనుక, కిందికి ఎవరినీ వెళ్లనివ్వకుండా చూడాలి. ఈ మూడూ కాని పక్షంలో మీకు సమయం ఉంది.

రెండో అడుగు: అతడు అసలు ఏం చూశాడో తెలుసుకోండి

తీర్పు ఎంత పెద్దదైతే తనిఖీ అంత లోతుగా ఉండాలి. అమెరికాలో జాతీయ అగ్ని రక్షణ సంఘం రూపొందించిన, చిమ్నీలకు ప్రామాణికంగా తీసుకునే ఎన్‌ఎఫ్‌పీఏ 211 ఈ తనిఖీని మూడు స్థాయులుగా విభజించింది. మీరున్న దేశంలో వేరే నియమాలున్నా ఆలోచించడానికి ఈ విభజన పనికొస్తుంది. మొదటి స్థాయిలో విప్పకుండా, పగలగొట్టకుండా, సులువుగా అందే భాగాలను మాత్రమే కంటితో చూస్తారు. ఏ మార్పూ లేకుండా ఏటా వాడుతున్న చిమ్నీకి అది చాలు. రెండో స్థాయిలో ఫ్లూ అనే లోపలి మార్గం పొడవునా కెమెరా దింపి, అటక నుంచీ నేల కింది ఖాళీ నుంచీ కూడా చిమ్నీని చూస్తారు. ఇల్లు చేతులు మారినప్పుడు, స్టవ్ లేదా ఇంధనం మార్చినప్పుడు, చిమ్నీలో మంట లేచినప్పుడు, భూకంపం వంటిది జరిగినప్పుడు ఇది అవసరం. మూడో స్థాయిలో గోడనో చిమ్నీలో కొంత భాగాన్నో తెరిచి చూస్తారు, రెండో స్థాయిలో తీవ్రమైన అనుమానం వచ్చినప్పుడే అంతదాకా వెళతారు.

ఇప్పుడు మీ అంచనా పత్రాన్ని ఈ వెలుగులో చూడండి. టార్చ్‌లైటుతో కింది నుంచి చూసి మొత్తం లైనర్ మార్చాలని చెప్పి ఉంటే, ఆ మాట అబద్ధమని కాదు, ఇంకా రుజువు కాలేదని అర్థం. కింది నుంచి చూసేవాడికి మొదటి కొన్ని అడుగులు తప్ప మిగతాది సరిగా కనిపించదు. “ఏ స్థాయి తనిఖీ చేశారు? కెమెరా దింపారా? ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?” అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి.

మూడో అడుగు: అంచనాను విడివిడి వాక్యాలుగా విప్పండి

“చిమ్నీ పునరుద్ధరణ” అని ఒకే వరుసలో ఒకే మొత్తం రాసిన పత్రాన్ని పరీక్షించడం సాధ్యం కాదు. దాన్ని పనుల వారీగా విడగొట్టి ఇవ్వమని అడగండి. ప్రతి పనికీ నాలుగు విషయాలు తెలియాలి: లోపం ఎక్కడుంది, దాన్ని చూపించే ఫొటో ఏది, అది ఏ కారణంగా వచ్చింది, చేయించకపోతే ఏం జరుగుతుంది. ఈ నాలుగింటిలో జనం అడగడం మరిచిపోయేది మూడోది, నిజాన్ని ఎక్కువగా బయటపెట్టేదీ అదే. ఇటుకలు పెచ్చులూడాయంటే నీరు ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. ఆ దారి మూయకుండా ఇటుకలు మార్చమనేవాడికి పని రాకపోయి ఉండాలి, లేదా కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే పని దొరకాలన్న ఆశ అయినా ఉండాలి.

పదాలను కూడా వదలకండి. “ప్రమాణాలకు అనుగుణంగా లేదు” అన్న మాటకు రెండు అర్థాలు ఉండవచ్చు: ఇప్పుడు ప్రమాదకరంగా ఉందని ఒకటి, కట్టిన నాటి నియమాలకు సరిపోయినా నేటి కొత్త నిర్మాణానికి వర్తించే నియమాలకు సరిపోదని రెండోది. పాత ఇళ్లలో రెండోది సర్వసాధారణం. ఏ నియమం, ఏ అంశం అని అడిగితే తెలిసినవాడు చూపిస్తాడు.

నాలుగో అడుగు: ఫొటోలు మీ ఇంటివేనా, చూపించేది అదేనా

ఫోన్‌లో చూపించే ఫొటో మరో ఇంటి చిమ్నీది కావచ్చన్న అనుమానం అతిగా అనిపించినా, ఈ రంగంలో తెలిసిన మోసాల్లో అది ఒకటి. దీనికి విరుగుడు తేలిక. మీ ఫైర్‌ప్లేస్ ముందు మొదలై, లోపలికి వెళ్లి, పైదాకా ఆగకుండా సాగే ఒకే వీడియో అడగండి. మొదట్లో మీ గదిలోని ఏదో ఒక వస్తువు కనబడాలి. కెమెరా దింపుతుండగా తెరను మీరే పక్కన నిలబడి చూడగలిగితే ఇంకా మంచిది. ఫైళ్లను తీసుకుని మీ దగ్గర దాచుకోండి, ఎందుకంటే రెండో అభిప్రాయం అడిగేటప్పుడు పనికొచ్చేవి అవే.

ఫొటో మీ ఇంటిదే అయినా అది చూపించేది లోపమేనా అన్నది వేరే ప్రశ్న. బంకమట్టి లైనర్ సాధారణంగా సుమారు 2 అడుగుల పొడవున్న ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి కడతారు. అందువల్ల ప్రతి 2 అడుగులకూ అడ్డంగా ఒక గీత కనిపించడం సహజం. అది అతుకు, పగులు కాదు. ఆ అతుకులోని మసాలా (ముక్కలను అతికించే మిశ్రమం) రాలిపోయి వెనక ఇటుకలు కనిపిస్తుంటే అప్పుడు అది నిజమైన లోపం. నిలువుగా పాకిన పగుళ్లు, తప్పిపోయిన ముక్కలు, ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోని అంచులు ఇంకా గట్టి సాక్ష్యాలు. మసిలో పడిన గీత కూడా కెమెరా వెలుగులో పగులులా కనిపిస్తుంది. అందుకే శుభ్రం చేశాక తీసిన వీడియోకే విలువ ఎక్కువ.

ఐదో అడుగు: ఒక్కో పనిని దాని స్వభావంతో తూచండి

క్రియోసోట్ సంగతి ముందు చూద్దాం. కట్టెల పొగ చల్లబడి గొట్టం గోడలకు అంటుకునే ఈ పదార్థాన్ని వృత్తిలోని వారు మూడు దశలుగా చెబుతారు. మొదటిది పొడి మసి, బ్రష్‌తో పోతుంది. రెండోది గట్టిపడిన, మెరిసే నల్లటి పెచ్చులు. దీనికి ఎక్కువ శ్రమ, తిరిగే పరికరాలు కావాలి. మూడోది తారు పోసి ఆరబెట్టినట్టు గాజులా మెరిసే పొర. మామూలు బ్రష్‌కు లొంగదు, రసాయనాలో గొలుసులతో తిరిగే యంత్రమో వాడాలి, కొన్నిసార్లు లైనర్ తీసేయవలసి కూడా రావచ్చు. మూడో దశ అని చెప్పినవాడు మెరుపు స్పష్టంగా కనిపించే ఫొటో చూపించగలగాలి. పొర మందం 3 మిల్లీమీటర్లకు చేరితే శుభ్రం చేయించాలన్నది వాడుకలో ఉన్న కొలత. తేమ 20 శాతం లోపు ఉన్న ఎండుకట్టెలనే కాలుస్తూ, ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే వెలిగించే ఇంట్లో మూడో దశ ఉందంటే కారణం గట్టిగా అడగవలసిందే. పచ్చికట్టెలను రాత్రంతా గాలి తగ్గించి మండించే స్టవ్ ఉన్న ఇంట్లో అయితే ఆశ్చర్యపోనక్కరలేదు.

లైనర్ మార్పిడి అన్నింటికంటే పెద్ద ఖర్చుల్లో ఒకటి కనుక దీని మీద ఎక్కువసేపు ఆగాలి. లైనర్ పని వేడిని, వాయువులను చుట్టూ ఉన్న కలప నుంచి, గదుల నుంచి వేరుచేయడం. లోపల ఒకసారి క్రియోసోట్ అంటుకుని మంట లేస్తే వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు, ఆ దెబ్బకు బంకమట్టి ముక్కలు నిలువునా చీలతాయి. అలాంటి మంట ఎప్పుడైనా లేచిందా అన్నదానికి వేరే ఆనవాళ్లు ఉంటాయి: తేనెతుట్టెలా ఉబ్బిన క్రియోసోట్, వంకరపోయిన డ్యాంపర్ (పొగ దారిని తెరిచి మూసే పలక), రంగు మారిన లేదా వంగిన టోపీ (చిమ్నీ పైమూత), పైకప్పు మీద పడిన నల్లటి పెచ్చులు. ఇవి ఉంటే లైనర్ మార్చాలన్న సూచనను తీవ్రంగా తీసుకోండి. కొన్ని దేశాల్లో, కొన్ని పాలసీల కింద, ఆకస్మిక మంట వల్ల జరిగిన నష్టాన్ని బీమా చెల్లించే అవకాశం ఉంది కనుక మరమ్మతు మొదలుకాక ముందే బీమా సంస్థకు తెలపాలి. ఏళ్ల తరబడి అరిగిన దానికి మాత్రం బీమా సాధారణంగా వర్తించదు. అరుగుదలనే మంటగా రాసి బీమా డబ్బు తెప్పిస్తానని ఎవరైనా అంటే, ఆ అబద్ధం మీ సంతకంతోనే వెళుతుందని మరవకూడదు.

ఆనవాళ్లేమీ లేకుండా ఒకటి రెండు అతుకుల్లో మసాలా మాత్రమే పోయి ఉంటే, మొత్తం స్టీలు లైనర్ ఒక్కటే దారి కాదు. అతుకులు నింపే సిరామిక్ పూత, లోపలే పోతపోసే లైనర్ వంటి ఇతర పద్ధతులు కూడా ఉన్నాయి. ఏది ఎందుకు సరిపోదో చెప్పమని అడగండి. ఆ ఫైర్‌ప్లేస్‌ను ఇక వాడకుండా మూసివేయడం కూడా గౌరవప్రదమైన పరిష్కారమే, దాన్ని అమ్మేవాడు లేడు కనుక ఎవరూ సూచించరు, అంతే.

ఇక్కడ కొంచెం విచిత్రమైన సందర్భం ఉంది. పాత ఫర్నేస్ తీసేసి, ప్లాస్టిక్ పైపుతో గోడలోంచి పొగ వదిలే అధిక సామర్థ్యపు ఫర్నేస్ పెట్టించాక, పాత చిమ్నీలో గ్యాస్ నీళ్ల హీటర్ ఒక్కటే మిగిలిపోతుంది. ఇంతకుముందు రెండు పరికరాల వేడితో వెచ్చగా ఉన్న పెద్ద గొట్టం ఇప్పుడు ఈ చిన్నదాని పొగకు వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై కారుతుంది, ఆ ఆమ్లపు తేమ ఇటుకను తింటుంది, పొగ సరిగా పైకి పోదు. అలాంటప్పుడు “అంతా బాగానే ఉంది కదా, చిన్న లైనర్ ఎందుకు?” అనిపించినా, ఆ సిఫారసు సరైనదే కావచ్చు. అనుమానం మంచిదే గానీ, కంటికి కనిపించని లోపాలన్నీ కల్పితాలు కావు.

పైభాగానికి వద్దాం. చిమ్నీ నెత్తిన ఉండే సిమెంటు పలకను క్రౌన్ అంటారు, రంధ్రం మీద ఉండే వలతో కూడిన మూతను టోపీ లేదా క్యాప్ అంటారు. క్యాప్ లేకపోతే వాన, పక్షులు, ఆకులు లోపలికి పోతాయి. ఇది చవకైన, దాదాపు ఎప్పుడూ సమర్థించదగిన పని. క్రౌన్ మీద వెంట్రుక వంటి నెర్రెలుంటే సాగే గుణమున్న పూత సరిపోతుంది. ముక్కలై కదులుతుంటే తీసి కొత్తది పోయాలి, అప్పుడు అంచు ఇటుకల కంటే కొంచెం బయటికి వచ్చి నీటిని దూరంగా జారవిడవాలి. పూతతో పోయేదానికి కొత్త పలక అడగడం, కొత్త పలక కావలసినదానికి పూత వేసి ఐదేళ్ల హామీ ఇవ్వడం రెండూ జరుగుతుంటాయి.

చిమ్నీ పక్కన సీలింగ్ మీద నీటి మరక కనిపించగానే ఇటుకల్లోంచి కారుతోందని రాసేవారు చాలామంది. నిజానికి చిమ్నీ, పైకప్పు కలిసేచోట ఉండే లోహపు రేకులు, అంటే ఫ్లాషింగ్, లేచిపోయినా ఇదే జరుగుతుంది. ఆ పని పైకప్పు వేసేవారిది, ఖర్చు కూడా వేరు. పొడి వాతావరణం ఉన్న రోజున ఒకరు అటకలో కూర్చుని చూస్తుండగా, మరొకరు నీళ్ల పైపుతో కింది భాగం నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కొంతసేపు ఆగుతూ పైకి వెళితే, నీరు ఏ ఎత్తులో లోపలికి వస్తోందో తెలిసిపోతుంది. పైకప్పు ఎక్కే అలవాటు లేనివారు ఈ పని నిపుణులతోనే చేయించాలి.

ఇటుకల మీద తెల్లని పొడి పొర కనిపిస్తే భయపడనక్కరలేదు. అది నీటితో పాటు బయటికి వచ్చి ఆరిన ఉప్పు. నీరు ప్రయాణిస్తోందన్న సూచనే తప్ప, తానుగా నష్టం కాదు. చలిదేశాల్లో ఇటుకలో చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అలా పదే పదే జరిగి ఇటుక ముఖం పెచ్చులుగా రాలుతుంది. సందుల్లో మసాలా ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి అందే ఎత్తులో తాళంచెవితో గీసి చూడండి. ఇసుకలా రాలితే పాయింటింగ్, అంటే సందుల్లో మసాలా మళ్లీ నింపడం, అవసరం, గట్టిగా ఉంటే ఆ భాగాన్ని జాబితాలోంచి తీసేయమనండి. పాయింటింగ్ చేసేటప్పుడు పాత మసాలాను సందు వెడల్పుకు కనీసం రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు తీసి నింపాలి, పైపైన పూస్తే రెండు చలికాలాలు కూడా నిలవదు. సున్నంతో కట్టిన పాత మెత్తటి ఇటుకల మధ్య గట్టి సిమెంటు నింపితే, తేమ సందుల్లోంచి కాక ఇటుకలోంచి బయటపడుతూ ఇటుకనే పగలగొడుతుంది. కాబట్టి “ఏ మసాలా వాడతారు?” అన్న ఒక్క ప్రశ్నతో తాపీ మేస్త్రీ అనుభవం బయటపడుతుంది. నీరు చొరకుండా పూసే ద్రవం విషయంలోనూ ఇంతే: ఆవిరిని బయటికి పోనిచ్చే రకం కావాలి, పొరలా కప్పేసే రంగు వంటిది తేమను లోపలే బంధిస్తుంది.

చిమ్నీ పైభాగం కూల్చి కట్టాలంటే, ఒరిగిందని కొలతతో చూపించాలి, లేదా ఇటుకలు, సందులు విస్తారంగా పోయాయని చూపించాలి. ఒరుగుదల పునాది కుంగడం వల్ల వచ్చిందంటే చిమ్నీ వృత్తివారి మాట చాలదు. నిర్మాణ ఇంజనీర్ చూడాలి. ఇంజనీర్‌కు ఇచ్చే రుసుము, తప్పు నిర్ణయంతో కట్టే గోడ ఖర్చు ముందు చిన్నదే.

మీది ఇటుక చిమ్నీ కాకుండా కర్మాగారంలో తయారై చెక్క పెట్టెలో నిలబడే లోహపు చిమ్నీ అయితే లెక్క మారుతుంది. అలాంటివాటిని ఫైర్‌ప్లేస్‌తో కలిపి ఒకే వ్యవస్థగా పరీక్షించి ఆమోదిస్తారు కనుక, తయారీదారు ఆమోదించని లైనర్‌నో, ఇతర కంపెనీ భాగాలనో అందులో అమర్చకూడదు. భాగాలు దొరకనప్పుడు మొత్తం మార్చడమే న్యాయమైన సలహా కావచ్చు, అలాగే ఇటుక చిమ్నీకి చెప్పే మరమ్మతులను దీనికి రాసినవాడు తన ముందు ఏముందో చూడలేదని అర్థం.

ఆరో అడుగు: రెండో అభిప్రాయాన్ని సరైన తీరులో తీసుకోండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మొదటి అంచనాను రెండో మనిషి చేతిలో పెట్టి “ఇది నిజమేనా?” అని అడుగుతారు. అప్పుడు అతడు చిమ్నీని కాక కాగితాన్ని పరీక్షిస్తాడు, దానికంటే పదో పరకో తగ్గించి పని తనకు రాబట్టుకుంటాడు. పాత నివేదిక ఉందని చెప్పకుండా, “కెమెరాతో తనిఖీ చేసి రాతపూర్వక నివేదిక ఇవ్వండి, తనిఖీకి రుసుము ఇస్తాను, మరమ్మతు మీకే ఇస్తానని మాట ఇవ్వను” అని చెప్పి పిలవండి. ఉచిత తనిఖీ ఖరీదు చివరికి మరమ్మతులో కలుస్తుంది. మరమ్మతులు చేయకుండా తనిఖీ మాత్రమే చేసేవారు దొరికితే వారికే మొగ్గు చూపండి.

అర్హతల విషయంలో దేశాన్ని బట్టి సంస్థలు మారతాయి. అమెరికాలో చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా, నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ ధ్రువపత్రాలు ఇస్తాయి. బ్రిటన్‌లో హెటాస్, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ చిమ్నీ స్వీప్స్ వంటివి ఉన్నాయి. జర్మనీలో ప్రభుత్వం నియమించిన జిల్లా చిమ్నీ అధికారి ఇంటింటి పొయ్యిలను నిర్ణీత కాలంలో స్వయంగా వచ్చి చూస్తాడు. వాహనం మీద గుర్తు చూసి నమ్మకుండా, ఆ సంస్థ జాబితాలో పేరు ఉందో లేదో స్వయంగా వెతకండి. ధ్రువపత్రం చదువుకు సాక్ష్యం, నిజాయతీకి కాదు. అయినా పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడు కొంచెం జాగ్రత్తగా ఉంటాడు.

రెండు నివేదికలు వచ్చాక అంచనాల మొత్తాలను కాక, లోపాల జాబితాలను పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ విడివిడిగా ఒకే చోట ఒకే లోపం చూస్తే అది ఉన్నట్టే. ఒకరు మాత్రమే చూసినదానికి, ఆ ఒక్కరి వీడియోను మూడో వ్యక్తికి చూపించవచ్చు. లోపం మీద ఒప్పుకుని పరిష్కారం మీద విభేదిస్తే అది మోసం కాదు, వృత్తిలో సహజమైన అభిప్రాయభేదం. అప్పుడు ప్రశ్న ధర, మన్నిక, మీ వాడకం వైపు మళ్లుతుంది.

ఏడో అడుగు: ఒకే పనికి ధరలు పోల్చుతున్నారా అని చూసుకోండి

“స్టీలు లైనర్” అని రెండు అంచనాల్లోనూ ఉన్నా అవి ఒకటే కాకపోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం 304 కంటే తుప్పును బాగా తట్టుకుంటుంది. అల్యూమినియం కొన్ని గ్యాస్ పరికరాలకే పనికొస్తుంది, కట్టెలకు ఎన్నడూ కాదు. చుట్టూ వేడిని ఆపే పొర ఉందా లేదా అన్నది ధరను గణనీయంగా మారుస్తుంది. కలపకు, ఇటుకకు మధ్య ఉండవలసిన ఖాళీ లేనిచోట ఆ పొర విలాసం కాదు. అమెరికా నియమాల్లో ఈ ఖాళీ ఇంటి లోపలి ఇటుక చిమ్నీకి 2 అంగుళాలు, బయటి గోడకున్న చిమ్నీకి 1 అంగుళం.

కొలతను మీరే సరిచూడగలరు. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్‌కు ఫ్లూ వైశాల్యం ముఖద్వారం వైశాల్యంలో సుమారు పదో వంతు ఉండాలన్నది పాత లెక్క. గుండ్రటి గొట్టమైతే పన్నెండో వంతు దాకా చాలు. మీ ఫైర్‌ప్లేస్ నోరు 36 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు ఉందనుకోండి. అది 1,008 చదరపు అంగుళాలు, కాబట్టి గుండ్రటి ఫ్లూ కనీసం 84 చదరపు అంగుళాలు ఉండాలి. 8 అంగుళాల లైనర్ వైశాల్యం 50 మాత్రమే, 12 అంగుళాలది 113. చవగ్గా వస్తుందని 8 అంగుళాలది దింపితే, చిమ్నీ కొత్తదవుతుంది గానీ పొగ గదిలోకే వస్తుంది. ఈ లెక్క అడిగినప్పుడు కాగితం తీసి వేసి చూపించినవాణ్ని నేనైతే సగం నమ్మినట్టే.

ఎనిమిదో అడుగు: ప్రవర్తనను చివరన తూచండి

దీన్ని ఇంత వెనక్కు నెట్టడానికి కారణం, ప్రవర్తన సాక్ష్యానికి తోడు మాత్రమే కాగలదు. అయినా కొన్ని సంగతులు గమనించదగినవి: పిలవకుండా తలుపు తట్టడం లేదా నమ్మశక్యం కాని తక్కువ ధరకు శుభ్రం చేస్తామని ఫోన్ చేయడం, ఈ రోజు సంతకం చేస్తేనే తగ్గింపు అనడం, రెండో అభిప్రాయం మాట ఎత్తగానే చిరాకు పడటం, వీడియో ఇవ్వనంటూ నివేదిక తమ ఆస్తి అనడం, మొత్తం డబ్బు ముందుగా నగదులో అడగడం.

వీటిలో “అత్యవసరం” అన్న మాటకు చట్టపరమైన బరువు కూడా ఉంది. ఇంటికి వచ్చి కుదుర్చుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే గడువు అమెరికాలో సాధారణంగా 3 పనిదినాలు, బ్రిటన్‌లో 14 రోజులు. కానీ అత్యవసర పని అని మీరే రాసి సంతకం చేసినా, అత్యవసర మరమ్మతు కోసమే పిలిపించారని తేలినా ఆ హక్కు పోవచ్చు. అందుకే ఒప్పందంలో ఎక్కడైనా ఆ పదం కనిపిస్తే ఆగి చదవండి.

తొమ్మిదో అడుగు: నమ్మకం కుదిరాక కూడా రాతలోనే

పనికి ఒప్పుకునే ముందు దాన్ని మూడుగా విభజించండి: వాడే ముందు తప్పక చేయవలసినవి, నీరు చొరకుండా ఈ ఏడాదిలో చేయించవలసినవి, ఫొటో తీసి ఏడాది తర్వాత పోల్చి చూడవలసినవి. మూడో వర్గంలోకి మీరు ఊహించినదానికంటే ఎక్కువ వరుసలు చేరవచ్చు. ఒప్పందంలో సామగ్రి రకం, కొలతలు, స్థానిక అనుమతి తీసుకునే బాధ్యత ఎవరిది, హామీ పనికా వస్తువుకా, పని మధ్యలో కొత్త లోపం బయటపడితే మీ రాతపూర్వక సమ్మతి లేకుండా ముందుకు వెళ్లరాదన్న షరతు ఉండాలి. అడ్వాన్సు సామగ్రి ఖర్చును మించకుండా చూసుకుని, చివరి వాయిదాను మాత్రం పని పూర్తయ్యాక తీసిన వీడియో చేతికి వచ్చేదాకా ఆపండి. ఆ వీడియో మొదటి వీడియో తీసిన చోట్ల నుంచే తీసినదై ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

కొత్త మసాలా, పోత లైనర్ వంటివి లోపల తేమతో ఉంటాయి కనుక తయారీదారు చెప్పిన వ్యవధి గడిచేదాకా వెలిగించకూడదు. ఆ తర్వాత కూడా మొదటి మంటను రెండు మూడు సన్నని ఎండుపుల్లలతో చిన్నదిగా వేసి, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకుని, పొగ పైకే పోతోందా, అటకలో ఎక్కడైనా వాసన వస్తోందా అని గమనించండి. ఏమాత్రం తేడా కనిపించినా నిప్పు ఆర్పి, పనిచేసినవారినే మళ్లీ పిలవండి.